ఉల్లంకి పద్ధతి

పరబ్రహ్మం గారు పెన్ను మూత తీశారు. ఈ ముక్క నూకరత్నం ఏ దేవుడి పటం మీద చెయ్యి వేసి చెప్పమన్నా చెబుతుంది. మూత తీశారు, పాళీని కాగితం దాకా తెచ్చారు. పాళీకీ కాగితానికీ మధ్య చీమ దూరేంత సందు మిగిలింది. అప్పుడు ఫోను మోగింది.

ఆ సందులోనే గుల్లలమొగ ఇరుక్కుపోయింది.

గుల్లలమొగ ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న పల్లె. చలికాలంలో ఏటి ఉరవడి తగ్గగానే సముద్రం ఏటి నోటికి, అంటే మొగకు, అడ్డంగా ఇసుక మేట వేస్తుంది. మేట గట్టిపడితే లోపలి పడవలు లోపలే, చేపలు బయటే. పొక్లెయిన్ ఒక్క పూట పనిచేస్తే దారి తెరుచుకుంటుంది. ఆ మాటకొస్తే ఊళ్ళో ఆడా మగా పారలు పట్టుకుని దిగినా తెరుచుకుంటుంది. పూర్వం అలాగే తెరిచేవారు. కాని ఆ తీరం తీర వనరుల సమన్వయ శాఖ పరిధిలోకి వచ్చాక, పార పట్టినవాళ్ళ మీద ‘తీరరేఖ సహజ స్వరూపానికి భంగం కలిగించిన నేరం’ కింద కేసులు పెట్టి, పారలు జప్తు చేసి తీసుకుపోయారు. కనుక ఇప్పుడు మొగ తెరవాలంటే ముందు ఫైలు తెరవాలి.

నూకరత్నం ఆ ఊరి పిల్ల. ఆ ఊళ్ళో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి మనిషి. ఆ శాఖలోనే ఆమెకు జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగం వచ్చినరోజున మేనత్త బంగారమ్మ చేపల గంప నడిబజారులో దించి, "ఇంక మొగ మన సేతిలో ఉన్నట్టే" అని ఊరందరికీ చెప్పింది. తల్లి పోయిన నూకరత్నాన్ని ఎత్తుకుని పెంచి, చదివించింది ఆవిడే. మేటకు లోపల నిలిచిపోయిన పడవల్లో ఆవిడదీ ఒకటి.

ఫోను హెడ్డాఫీసు నుంచి. జాయింట్ డైరెక్టర్ పరబ్రహ్మం గారు లేచి నిలబడ్డారు. అవతల పై అధికారి ఉంటే ఆయన నడుము కుర్చీలో వంగదు. "చిత్తం సార్... మహద్భాగ్యం సార్..." అని పెట్టేసి, పెన్నుకు మూత పెట్టేశారు.

"అమ్మా నూకరత్నం, హైదరాబాదు నుంచి నాయకత్వ నిపుణులు వేంచేస్తున్నారు. పాలనా సంస్కరణ. ఇకమీదట సంతకాలన్నీ కొత్త పద్ధతిలోనే జరగాలట."

"ఇది ఒక్కటే కదా సార్. మేట ఇంకా మెత్తగానే ఉంది."

"పాత పద్ధతిలో పెట్టిన సంతకం కొత్త పద్ధతిలో చెల్లకపోతే? నష్టపోయేది మీ ఊరే కదమ్మా" అన్నారాయన ఎంతో దయగా.

నిపుణుడి పేరు ప్రవర్ధన్. ఇంటిపేరు లేదు. ఇంటిపేరు పెత్తనానికి గుర్తని వదిలేశాడట. అంతకుముందు చీమల పద్ధతిలో ఒక బ్యాంకునూ, తేనెటీగల పద్ధతిలో ఒక కాలేజీనూ సంస్కరించి వచ్చాడు. ఆ కాలేజీలో ఇప్పుడు ప్రిన్సిపాలమ్మ ఒక్కతే మిగిలిందని గిట్టనివాళ్ళు అంటారు గాని, పద్ధతి మాత్రం చక్కగా నిలబడిందట.

వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆఫీసు మొత్తాన్నీ వ్యాన్లలో ఎక్కించి గుల్లలమొగ తీరానికి తీసుకుపోయాడు. పాటు వేళ. నీళ్ళు వెనక్కి తీసి, ఏటి పక్కన బురదమేర అద్దంలా మెరుస్తోంది. దాని నిండా ఉల్లంకి పిట్టలు.

నూకరత్నానికి అవి కొత్త కాదు. దసరా వెళ్ళాక ఎక్కడినుంచో వస్తాయి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. గుప్పెడంత పిట్ట. వీపు బురద రంగు, పొట్ట తెలుపు, చీపురుపుల్లల్లాంటి కాళ్ళు. అల వెనక్కి పోతుంటే తరిమి కొడుతున్నట్టు దాని వెంట పరిగెత్తుతుంది. అదే అల తిరిగి వస్తే పోలీసు జీపును చూసినట్టు దాని ముందు పరిగెత్తుతుంది. ఈ రెండు పరుగుల మధ్య దొరికిన తీరికలో తడిబురదలో ముక్కు గుచ్చి, గుచ్చి, పురుగును లాగి మింగుతుంది. పొట్టి ముక్కువి పైపైన, పొడుగు ముక్కువి లోతున. ఒకదాని మేతకు ఒకటి అడ్డం రాదు.

గట్టు మీద పడుకున్న ఊరకుక్క ఒకటి ఆవులించింది. గుంపు అంచున ఉన్న పిట్ట ఉలిక్కిపడి లేచింది. దాని పక్కది లేచింది. రెప్ప వేసి తీసేలోగా బురద బురదే లేచి ఆకాశంలోకి పోయినట్టయింది. గుంపు ఇటు తిరిగితే తెల్లగా తళుక్కుమంది, అటు తిరిగితే ఉందా లేదా అన్నట్టు మాయమైంది. అలా గాలిలో కాస్త తిరిగి, ఏమీ జరగనట్టు మళ్ళీ అక్కడే దిగి మేతలో పడ్డాయి.

ప్రవర్ధన్ కళ్ళు చెమర్చాయి.

"చూశారా! సర్క్యులర్ లేదు. మీటింగు లేదు. మేనేజరు లేడు. ఇన్ని ప్రాణాలు, ఒకటే నిర్ణయం!"

"కుక్క ఆవులించింది సార్" అంది నూకరత్నం. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆమెకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

"కుక్క ముఖ్యం కాదు తల్లీ. స్పందన ముఖ్యం."

"కుక్క ముఖ్యం కాదు. రాసుకోండి" అన్నారు పరబ్రహ్మం గారు సూపరింటెండెంటు కామేశం గారితో. కామేశం గారు రాసుకున్నారు. అలా ఆ మాట ఆఫీసు రికార్డుల్లోకి ఎక్కింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికీ తెలియజేయడమేమనగా, ఈ కార్యాలయమందు నేటి నుండి ఉల్లంకి పద్ధతి అమలులోనికి వచ్చినది. గుంపునందు నాయకుడు లేడు గనుక ఏ ఫైలుపైననూ ఏ ఒక్కరునూ మొదటి సంతకము చేయరాదు. ప్రతి ఉద్యోగియూ తన ఎడమ పక్కవారినీ, కుడి పక్కవారినీ గమనించుచు, వారు కదలినచో తానునూ కదలవలెను, కదలనిచో కదలరాదు. పక్కవారు చేయు పనిని కారణమడుగక తక్షణమే అనుసరించుట ప్రతి ఉద్యోగి ప్రాథమిక బాధ్యత. మొదట కదలినట్లు రుజువైన వారిపై క్రమశిక్షణా చర్య తీసుకొనబడును."

నూకరత్నం దాన్ని చదివి, మళ్ళీ చదివి, కామేశం గారి బల్ల దగ్గరకు వెళ్ళింది.

"మరి మొదటి సంతకం ఎవరు పెడతారండీ?"

"ఎవరూ పెట్టరు."

"మొదటిది లేకుండా రెండోది ఎలా వస్తుందండీ?"

"రాదు." రిటైర్మెంటుకు దగ్గరపడిన కామేశం గారికి దేనికీ ఆశ్చర్యపడే అలవాటు పోయింది. "అమ్మాయీ, నువ్వు సైన్సు చదువుకున్నావు గనక నీకు వింతగా ఉంది. నా సర్వీసంతా నేను పక్కవాణ్ణి చూసే సంతకం పెట్టాను. ఇన్నాళ్ళకు దానికో పిట్ట పేరు దొరికింది. అంతే."

ఆఫీసులో బల్లలు తీసి గుంపుగా వేశారు. పరబ్రహ్మం గారు నట్టనడుమ కూర్చున్నారు. గుంపులో నాయకుడు లేడు గాని, డేగ వచ్చినప్పుడు నడుమ ఉన్న పిట్టకు ప్రమాదం తక్కువని నిపుణుడు చెప్పాడు. నూకరత్నమూ, అటెండరు గవర్రాజూ అంచున. పోటు వేళ మేత దొరకనప్పుడు ఉల్లంకులన్నీ గట్టుకు చేరి గాలి ఎటు వీస్తే అటే ముఖం పెట్టి నిలబడతాయి కాబట్టి, సిబ్బంది గాలివాటు చూసుకుని కూర్చోవాలని ఒక నియమం. దీనికి శిక్షణ అక్కరలేకపోయింది. అందరి ముఖాలూ అప్పటికే పరబ్రహ్మం గారి వైపే ఉన్నాయి. విశ్రాంతి వేళ ఒంటికాలి మీద నిలబడాలన్న నియమం మాత్రం కామేశం గారి మోకాలికి పడలేదు. మెడికల్ సర్టిఫికెట్టు పెట్టుకుంటే ఆయనకు రెండో కాలు మంజూరైంది.

‘ముక్కు పొడవును బట్టి మేత లోతు’ అన్న సూత్రానికి సిబ్బంది చప్పట్లు కొట్టారు. అటెండరు పైపైన, గుమాస్తా కాస్త లోపల, ఆపైవారు ఆపై లోతున. ఒకరి మేతకు ఒకరు అడ్డు రాకూడదు. "ఇది మన ఆఫీసులో తాతల నాటి సంప్రదాయమే కద సార్!" అని ఒకాయన పొంగిపోయి లేవబోతే, పక్కవాళ్ళు చొక్కా పట్టి కూలేశారు.

అన్నిటికన్నా కష్టపడి నేర్చుకున్నది మలుపు. అపాయం కనిపిస్తే గుంపు ఒక్కసారిగా తిరిగి వీపు చూపిస్తుంది. ఆఫీసుకు అపాయమంటే అర్జీదారు. అర్జీదారు గుమ్మంలో కనబడగానే అందరూ లేచి గిర్రున వెనక్కి తిరగాలి. ఇందుకోసం ముందువైపు తెలుపు, వెనకవైపు బురదరంగు ఉన్న కోట్లు కుట్టించారు. నూకరత్నం చీర మీద అదే కోటు వేసుకుని బస్సెక్కితే కండక్టరు "ఏ స్కూలమ్మా?" అని అడిగాడు.

గుల్లలమొగ ఫైలు గుంపు నడుమ బల్ల మీద ఉండేది. రోజూ పొద్దున అందరూ దాని చుట్టూ చేరి, పెన్నులు తీసి, ఎడమవైపు చూసేవారు. తరవాత కుడివైపు చూసేవారు. ఇంతలో టీ వచ్చేది. టీ మాత్రం అందరూ ఒక్కసారే అందుకునేవారు.

ఒకరోజు బంగారమ్మ వచ్చింది. గంప వాకిట్లో దించి, కొంగుతో చేతులు తుడుచుకుని గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే, ఆఫీసు ఆఫీసంతా లేచి గిర్రున తిరిగింది. గోడ వైపు ముఖాలు, గుమ్మం వైపు బురదరంగు వీపులు. నూకరత్నమూ తిరిగింది. తిరక్క ఏం చేస్తుంది, ప్రొబేషన్లో ఉన్న మనిషి.

బంగారమ్మ కాసేపు వీపుల్ని పరిశీలించింది.

"ఏటయ్యా, ఆ గోడ మీద సినిమా ఆడతందేటి?"

వీపులు కదల్లేదు.

"ఏటే నూకీ! నీ జడ నాకు తెల్దేటే? నూనె రాసి అల్లింది నానే కదే. ఇటు తిరుగు."

"అత్తా, తిరక్కూడదు" అంది నూకరత్నం గోడతో. "రూలు."

"ఎవుడెట్టాడే?"

"పిట్టల్ని చూసి పెట్టారు."

"పిట్టల్నా!" బంగారమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఆ పిట్టలు మా గుమ్మం ముందుంటాయే. బుద్దెరిగిన కాణ్ణించి సూత్తన్నాను. అయ్యి పొద్దస్తమానం బురద పొడుసుకుని పొట్ట పోసుకుంటాయి. మీరేటి పొడిసారయ్యా ఇన్నాళ్ళూ? మేట గట్టిపడి రోడ్డయి కూకుంది. దాని మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతన్నారు. పడవలు ఎండకి నెర్రెలు ఇచ్చేత్తన్నాయి. మేం పార అట్టుకుంటే కేసంటారు, మీరు అట్టుకోండంటే ఈపు సూపెడతారు!"

వీపుల నడుమ నుంచి, ఎవరిదో పోల్చుకోవడానికి వీల్లేని ఒక గంభీరమైన గొంతు వినిపించింది. "మీ అర్జీ గుంపు దృష్టిలో ఉన్నది."

"గుంపు దృష్టి గోడ మీదుంది బాబూ" అంది బంగారమ్మ. వాకిట్లోకి వెళ్ళి గంప ఎత్తుకుంటూ మళ్ళీ లోపలికి కేకేసింది. "ఒలే నూకీ, రేతిరికి ఏ మొకం ఏసుకుని ఇంటికొత్తావో, ఆ మొకం ఓసారి అద్దంలో సూసుకుని మరీ రా!"

ఆ పూట బంగారమ్మ మేనకోడలికి అన్నం వడ్డించి, వీపు తిప్పి కూర్చుంది. పులుసులో ఉప్పు లేదు. "ఉప్పేయలేదేం అత్తా?" అంటే, "మొదటి గల్లు ఎవులేత్తారో అని సూత్తన్నాను" అంది.

నూకరత్నం చప్పటి పులుసుతోనే తిన్నది. తప్పు తనది కాదని ఆమెకు తెలుసు. కాని తనది కాదు, కామేశం గారిది కాదు, గవర్రాజుది కాదు, పరబ్రహ్మం గారిది కూడా కాదు. ఎవరిదీ కాని తప్పుకి పడవలు మాత్రం ఎండుతున్నాయి.

మాఘమాసం వచ్చేసరికి మొగ పూర్తిగా మూసుకుపోయింది. పోటు నీరు లోపలికి రావడం మానేసింది. బురదమేర ఎండి, పెంకులు పెంకులుగా లేచింది. బురదలో పురుగు చచ్చింది. పురుగు చచ్చాక పిట్టకు అక్కడ ఏం పని? ఒక పొద్దున చూస్తే తీరంలో ఒక్క ఉల్లంకి లేదు.

నూకరత్నం పరుగున వచ్చి ఆఫీసులో చెప్పింది. "సార్, పిట్టలు వెళ్ళిపోయాయి."

"ఎవరి అనుమతితో?" అన్నారు పరబ్రహ్మం గారు.

ప్రవర్ధన్ మాత్రం చిరునవ్వు నవ్వాడు. "శిష్యుడు సిద్ధమయ్యాడని తెలిస్తే గురువు ఇంక నిలవడు." ఆ సాయంత్రమే రికార్డులో ఇలా ఎక్కింది: "ఉల్లంకులు తమ విధానమును ఈ కార్యాలయమునకు సంపూర్ణముగా బదలాయించిన పిదప సంతృప్తితో నిష్క్రమించినవి."

చిక్కు తరవాత వచ్చింది. రాష్ట్రంలోనే మొదటిసారి ఉల్లంకి పద్ధతిని అమలు చేసినందుకు ఆ ఆఫీసు ‘ఉత్తమ సమూహ పురస్కారా’నికి ఎంపికైంది. స్వయంగా కమిషనర్ మేడమ్ వచ్చి, పిట్టల్నీ సిబ్బందినీ పక్కపక్కనే చూసి, పురస్కారం ఇస్తారు. పంచాంగం చూస్తే మాఘ పౌర్ణమి పొద్దుటిపూట దివ్యంగా ఉంది. పిట్టలే లేవు.

"పిట్టలెందుకు?" అన్నాడు ప్రవర్ధన్. "పద్ధతి మన దగ్గరుంది. మనమే మేద్దాం."

ఎండిన బురద మీద ఎగుడుదిగుడుగా ఉందనీ, మూసుకుపోయిన మొగ మీది మేట అయితే చదునుగా, ఎత్తుగా వేదికలా ఉందనీ పరబ్రహ్మం గారే చోటు ఎంచారు. అక్కడ సిబ్బంది గుంపుగా అల వెంట పరిగెత్తాలి, వెనక్కి రావాలి, వంగి ముక్కుతో మేయాలి, చివరికి మలుపు. ముక్కులుగా కర్రలు ఇచ్చారు. మొదటి రిహార్సల్లోనే గట్టిపడిన మేట మీద కర్రలన్నీ పుటుక్కుపుటుక్కున విరిగాయి. పరబ్రహ్మం గారి ముక్కు మొదలంటా పోయింది.

నూకరత్నం మేట అంచున నిలబడి చూస్తోంది. ఇటుపక్క నోరెండిన ఏరు, పక్కకు ఒరిగిన పడవలు. అటుపక్క సముద్రం. మాఘ పౌర్ణమి పోటు ఎంత ఎత్తు లేస్తుందో గుల్లలమొగలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆ వేళకి మేటకు అడ్డంగా ఒక చిన్న కాలవ గాడి ఉంటే చాలు, మిగతాది సముద్రమే కోసుకుంటుంది. గట్టు మీద అదే ఊరకుక్క పడుకుని ఉంది. దాన్ని చూస్తే నూకరత్నానికి ఏదో తోచింది.

"సార్, చిన్న మనవి" అంది పరబ్రహ్మం గారి దగ్గరకు వెళ్ళి. "ఈ నేలలో కర్ర దిగదు. ఇనుప ముక్కులైతే దిగుతాయి."

"ఇనుప ముక్కులా?"

"గునపాలు సార్. పై అధికారులకు పొడుగువి."

పొడుగు అన్నమాట ఆయనకు నచ్చింది. "మరి కింది సిబ్బందికి?"

"ఉల్లంకుల పక్కన తెడ్డుమూతి కొంగలు కూడా మేస్తాయి సార్. వాటి ముక్కులు వెడల్పుగా ఉంటాయి. కింది సిబ్బందికి పారలు ఇస్తే..."

"వైవిధ్యం!" అని కేక పెట్టాడు ప్రవర్ధన్. "నేనూ సరిగ్గా ఇదే అనుకుంటున్నాను!"

పరబ్రహ్మం గారి ముఖం వాడింది. "కొనాలంటే సంతకం కావాలే."

"కొనక్కర్లేదు సార్. కేసులో జప్తు చేసిన పారలూ గునపాలూ మన స్టోరు గదిలోనే ఉన్నాయి."

కామేశం గారు కళ్ళజోడు పైకి జరిపి నూకరత్నాన్ని ఒకసారి చూశారు. మేటను ఒకసారి చూశారు. పటంలోంచి చూస్తున్న పెద్దమనిషిలా మళ్ళీ ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టారు.

పౌర్ణమి నాడు పొద్దున్నే సముద్రస్నానాలకు వచ్చిన జనం తడిబట్టలతోనే గట్టు మీద మూగారు. ఏటి అంచున, లోతట్టులో, షామియానా వేసి ఎర్ర తివాచీ పరిచారు. కమిషనర్ మేడమ్ కుర్చీలో కూర్చున్నారు. పోటు మొదలైంది. అల మీద అల ఉరుముకుంటూ మేట దాకా వచ్చి పోతోంది.

ప్రవర్ధన్ గుంపు లోపలే ఒక మూల నిలబడ్డాడు. పరబ్రహ్మం గారు నట్టనడుమ. బురదరంగు కోట్లు, చేతుల్లో ఇనుప ముక్కులు. నూకరత్నం అంచున, సముద్రం వైపు.

గుంపు అల వెంట పరిగెత్తింది. అల ముందు వెనక్కి పరిగెత్తింది. మేడమ్ చప్పట్లు కొట్టారు. ఇంక మేత. అందరూ వంగి ముక్కులతో నేలను తాకీ తాకనట్టు పొడుస్తూ, ఎడమవైపు చూశారు, కుడివైపు చూశారు.

నూకరత్నం పార దింపింది. దింపి, ఇసుక ఎత్తి, పక్కకు పోసింది. మళ్ళీ దింపింది.

ఆమె ఎడమపక్క గవర్రాజు. వాడొకసారి ఆమె పారను చూశాడు. పక్కవారు చేయు పనిని కారణమడుగక తక్షణమే. వాడూ పార దింపాడు. వాడి పక్క కామేశం గారు. ఆయన మంజూరైన రెండో కాలును గట్టిగా నేలకు ఆనించి, ఆ వయసులో అంత బలం ఎక్కడిదో గాని, నిండుపార ఇసుక ఎత్తి పోశారు. ఆ పక్కన గుమాస్తాలు, ఆ పక్కన సెక్షన్ అధికారులు. కన్ను మూసి తెరిచేలోగా ఆఫీసు మొత్తం మేటను తవ్వుతోంది.

"ఇది కార్యక్రమంలో ఉందా?" అని నడుమ నుంచి పరబ్రహ్మం గారు ఆయాసపడుతూ అడిగారు.

"పక్కవారు చేస్తున్నారు సార్" అన్నారు కామేశం గారు.

కారణం అడగకూడదన్నది తన ఉత్తర్వే. పరబ్రహ్మం గారు పొడుగు గునపం ఎత్తి దిగ్గొట్టారు. 

గట్టు మీద బంగారమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మో! గవుర్మెంటోళ్ళు తవ్వుతన్నార్రా!" అని ఊరందరికీ వినబడేలా అరిచి, ఇంక ఉండబట్టలేక సలహాలు మొదలుపెట్టింది. "అటేపు కాదు బాబూ, ఏటవాలుగా! ఒరే కళ్ళజోడు బాబూ, ఇసక తీసినకాడే పోత్తావేట్రా! ఆ నడుమునున్న పెద్దాయన్ని వంగమనండ్రా, పుణ్యముంటాది!" ఊరి మగవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కడు కూడా పార ముట్టుకోలేదు. కేసు పెడతారు.

గాడి ఏటి వైపుకి తెగిందో లేదో, పెద్ద అల ఒకటి మేట మీదికి నురగతో ఎక్కి, దారి కనబడగానే అందులోకి తల దూర్చింది. వెనకది దాన్ని తోసింది. గాడి అంచులు విరిగి విరిగి పడుతుంటే నీళ్ళు బుసకొట్టుకుంటూ లోపలికి దూకాయి. గుంపు అల ముందు పరుగు తీసింది. ఈసారి ఎవరూ అభినయించలేదు. నిజమైన ఉల్లంకులు కూడా అంత చక్కగా పరిగెత్తి ఉండవు. షామియానా కింద ఎర్ర తివాచీ లేచి తేలింది. మేడమ్ కుర్చీ మీద నిలబడి, "అద్భుతం! ఎంత సహజంగా ఉంది!" అని ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఒరిగి ఉన్న పడవ ఒకటి కిర్రుమని నిటారుగా లేచింది. తరవాత ఇంకొకటి. బంగారమ్మ ఎవరి చేతికీ దొరక్కుండా నీళ్ళలోకి పరిగెత్తి తన పడవ అంచు పట్టుకుంది.

నాలుగు పోట్లకు తడిసేసరికి బురద మెత్తబడింది. ఇంకొన్నాళ్ళకు అందులో పురుగు కదిలింది. ఎవరి అనుమతీ లేకుండా ఉల్లంకులు తిరిగి వచ్చాయి.

పురస్కారం గోడకెక్కింది గాని, హెడ్డాఫీసులో న్యాయవిభాగం వారు ఫొటోలు చూసి గతుక్కుమన్నారు. అనుమతి లేకుండా మేట తవ్వబడింది. తీరరేఖ సహజ స్వరూపానికి భంగం కలిగింది. విచారణాధికారి దిగాడు. సన్నటి మనిషి, వంకర ముక్కు. గవర్రాజు ఆయన్ని చూడగానే, "డేగే!" అన్నాడు.

"మొదట పార దింపింది ఎవరు?" అని అడిగాడు ఆయన.

"పక్కవారు సార్" అన్నాడు గవర్రాజు.

"ఏ పక్క?"

"రెండు పక్కలా చూడమన్నారు సార్. చూసిన మాటే గాని, ఏ పక్కో చూడలేదు."

కామేశం గారిని అడిగితే పక్కవారన్నారు. ఆ పక్కాయన ఆ పక్కాయన్ని అన్నాడు. అలా ఆఫీసు చుట్టూ తిరిగి ప్రశ్న బయల్దేరిన చోటికే వచ్చింది. నూకరత్నం వంతు వచ్చినప్పుడు ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి నోరు తెరిచింది. ఆ జబ్బు తెలిసిన కామేశం గారు గట్టిగా దగ్గారు.

"చెప్పమ్మా" అన్నాడు విచారణాధికారి.

"గట్టు మీద ఒక కుక్క ఉంది సార్" అంది నూకరత్నం.

"కుక్క ముఖ్యం కాదు" అని ఆఫీసంతా ఒక్క గొంతుతో అంది. కామేశం గారు ఆ ముక్క ఉన్న రికార్డు తీసి చూపించారు.

చివరికి ఆయన గుంపు నడుమకు వచ్చాడు. "పరబ్రహ్మం గారూ, మీరు బాధ్యతగల అధికారి. మీరైనా చెప్పండి."

"నాకు ఎటు చూసినా పక్కవారే సార్" అన్నారు పరబ్రహ్మం గారు కన్నీళ్ళ పర్యంతమై. "నేను నడుమ ఉన్నాను."

విచారణాధికారికి ఓపిక నశించి, బల్ల గుద్ది గర్జించాడు. గర్జన వినగానే, నెలల తరబడి నేర్చుకున్న కాళ్ళు కదా, ఆఫీసు మొత్తం లేచి గిర్రున తిరిగింది. ఆయన ముందు బురదరంగు తప్ప ఏమీ మిగల్లేదు. ఏ ఒక్కరినీ ఎత్తుకుపోలేక, ఆయన ఉత్త చేతులతో హైదరాబాదు బండెక్కాడు. ప్రవర్ధన్ కూడా అదే బండిలో వెళ్ళాడు. ఏదో యూనివర్సిటీలో గబ్బిలాల పద్ధతి ప్రవేశపెట్టాలట.

హెడ్డాఫీసు అంతటితో ఊరుకోలేదు. మొగను తక్షణమే పూడ్చి మేటను యథాస్థితికి తేవలసిందిగా ఆదేశించింది. ఆ ఆదేశం అమలుకు కొత్త ఫైలు తెరిచారు. ఫైలు గుంపు నడుమ బల్ల మీద ఉంది. ఉల్లంకి పద్ధతిని ఇంకా ఎవరూ రద్దు చెయ్యలేదు. రద్దు చెయ్యాలంటే దానికీ ముందు ఒకరు సంతకం పెట్టాలి.

నూకరత్నం పొద్దున్నే ఉప్పు సరిపోయిన పులుసన్నం తిని ఆఫీసుకు వస్తుంది. అందరితో పాటు ఫైలు చుట్టూ చేరి, పెన్ను మూత తీస్తుంది. నియమం ప్రకారం ఎడమవైపు చూస్తుంది. గవర్రాజు కదలడు. కుడివైపు చూస్తుంది. కామేశం గారు కదలరు. నూకరత్నం చాలా బుద్ధిమంతురాలైన ఉద్యోగి. తానూ కదలదు.

ఇంతలో టీ వస్తుంది.